ఒక ఫోను, రెండు సర్పంచ్ ఎలక్షన్లు: ఏడేండ్లు వాడినంక

డబ్బా విప్పిన రెండో రోజే రివ్యూ పెట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు, నేను మాత్రం ఏడేండ్లు వాడి రాస్తున్న. కంపెనీ పేరు చెప్ప, మధ్యల కొంచెం తిట్టేది ఉన్నది, అదీగాక ఆ మోడల్ ఇప్పుడు ఎక్కడ దొరకది కూడా. 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, 4000 ఎంఏహెచ్ బ్యాటరీ, కింద మైక్రో యూఎస్‌బీ పిన్ను, పైన ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం, ఎఫ్ఎం రేడియో, గంతే. అప్పట్ల గసొంటి ఫోను ఊళ్లె ఇంటికొకటి ఉండె.

2019 జనవరిల కొన్న. ఎందుకు గుర్తున్నదంటే ఆ నెల 30న తెలంగాణ పంచాయతీ ఎలక్షన్ల మూడో విడతల మా ఊరి సర్పంచ్ ఎలక్షన్, మా బావ వార్డు మెంబర్‌గ నిలబడ్డడు, ఫొటోలు వీడియోలు తీసి గ్రూపుల పెట్టుడు నా డ్యూటీ, పాత ఫోన్‌ల తీస్తే మనిషి ఎవరో కూడా తెలుస్తలేడని బావే సగం పైసలు ఇచ్చి ఇది కొనిపిచ్చిండు. డబ్బా మీద పెద్ద అక్షరాలతోని ఏఐ కెమెరా అని రాసి ఉండె. ఇప్పుడు అందరు ఏఐ ఏఐ అంటుంటే నాకు అదే గుర్తొస్తది, మేము 2019లనే చూసినం ఏఐని. ఆకాశం మీద పెడితే నీలం ఎక్కువ చేసేది, చెట్టు మీద పెడితే పచ్చ, తెల్ల అంగీ ఏసుకొని నిలబడ్డ మా బావ మీద పెడితే మాత్రం డాక్యుమెంట్ అని మూలకు చిన్న గుర్తు చూపెట్టేది. వెనుక రెండు కెమెరాలు ఉన్నయి గాని రెండోది ఎందుకున్నదో ఈరోజు వరకు నాకు తెలువది, ఒకసారి దాని మీద బొటనవేలు అడ్డం పెట్టి ఫొటో తీసిన, ఫొటోకు ఏం కాలే.

ఇగ స్టోరేజ్ సంగతి. ఈ రివ్యూ రాసేదే దీని గురించి. 32 జీబీ అంటరు గాని సిస్టమే పది దాకా మింగి కూసుంటది, మిగిలిన దాంట్ల మన సొంతం ఎంత, ఊరిది ఎంత అని ఒకసారి లెక్క తీస్తే నా కండ్లు తిరిగినయి. 2020 ఆఖరుకు వాట్సాప్‌ల స్టోరేజ్ మేనేజ్ చేసే కొత్త పేజీ వచ్చింది గదా, 5 ఎంబీ దాటినయి ఒక దిక్కు, చాలాసార్లు ఫార్వర్డ్ అయినయి ఒక దిక్కు చూపెట్టేది, అది తెరిచి చూస్తే మా ఊరి గ్రూపు ఒక్కటే 7 జీబీ. మా ఇంట్ల పెండ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలు అన్ని కలిపినా రెండు జీబీ లేవు! మిగిలిందంత గుడ్ మార్నింగులు, నాయకుల బర్త్‌డే పోస్టర్లు, సీసీ రోడ్డు కొబ్బరికాయ కొట్టుడు, అదే రోడ్డు ఇంకో దిక్కు నుంచి తీసిన వీడియో, ఆ రోడ్డు మేమే తెచ్చినమని అవతలోళ్లు పెట్టిన వీడియో. ఒక్క రోడ్డు నా ఫోన్‌ల పదకొండు సార్లు పడ్డది, ఊళ్లె ఒక్కసారే పడ్డది, అది కూడా సగం.

గ్రూపులు ఒక్కటితోని ఆగలే. 2019ల గ్రూపుకు 256 మందే పట్టేది, మా ఊళ్లె ఓట్లు పదమూడు వందల చిల్లర, అందుకని రెండో గ్రూపు, మూడో గ్రూపు పుట్టినయి, పుట్టినంక ఊకుంటయా, ఒకటి గెలిచినోళ్ల గ్రూపైంది, ఒకటి ఓడినోళ్లది, ఒకటి యూత్‌ది. 2022ల 1024 మంది పట్టేటట్టు చేసిండ్రు, ఇగ అన్ని కలిపి ఒక్కటే చేస్తరనుకున్న, కలుపలే. కలిపితే అడ్మిన్ ఎవరు అనే కాడనే లొల్లి. 2018 పంచాయతీరాజ్ చట్టంల చెక్ పవర్ సర్పంచ్‌కు ఉపసర్పంచ్‌కు కలిపి ఇచ్చిండ్రు, ఇద్దరు సంతకం పెడితేనే పైసలు కదులుతయి. దాని మీద కూడా మా దగ్గర గంత పంచాయితీ కాలే, అడ్మిన్ పవర్ మీద అయ్యింది. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే సెట్టింగ్ ఆన్ జేసిన నాడు ఒక కాక నా దగ్గరికొచ్చి "గిదేందిరా, నా నోరు మూసిండ్రు, నీ ఫోన్ల నుంచి పెట్టు" అన్నడు. నాది కూడా మూసిండ్రు కాకా అంటే నమ్మలే, ఫోను గుంజుకొని తానే టైప్ చెయ్యబోయిండు.

ఫార్వర్డులు ఐదు మందికే అని 2018లనే మన దేశంల లిమిట్ పెట్టిండ్రు, 2020ల అయితే బాగ తిరిగిన మెసేజ్‌ను ఒక్కసారి ఒక్క చాట్‌కే అన్నరు. అది మంచి పనే, ఊరోళ్లు దానికి కూడా తోవ దొరకవట్టిండ్రు, వీడియో గ్యాలరీల సేవ్ చేసి మళ్లా కొత్తగ ఎక్కిస్తరు, దాంతోని ఫార్వర్డ్ గుర్తు పోతది, నా ఫోన్‌ల మాత్రం అదే వీడియో ఇంకోసారి వచ్చి పడ్తది. ఆటో డౌన్‌లోడ్ బంద్ చేసుకోవచ్చని నాకు తెలిసేసరికి మూడేండ్లు గడిచినయి, కొత్తగ ఫోను కొన్నోళ్లు మొట్టమొదలు అదే బంద్ చేసుకోండ్రి, కెమెరా సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బ్యాటరీ గురించి తక్కువ చెప్పవలసిన పని లేదు, బంగారం అది, మొదటి రెండేండ్లు ఒక్కసారి ఛార్జింగ్ పెడితే రెండో రోజు పొద్దుగాల దాక వచ్చేది. 2022 ఎండకాలం ట్రాక్టర్ ముంగట ఎండకు పెట్టి వీడియోలు సూసుడు, రాత్రంత ఛార్జింగ్‌ల పెట్టి పండుడు, రెండు కలిసి దాన్ని ఉబ్బిచ్చినయి. లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు, 100 పర్సెంట్ ఛార్జింగ్ మీద గంటలు గంటలు ఉంచినా దానికి పడదు, ఈ ముచ్చట ఉబ్బినంక తెలిసింది. వెనుక మూత లేచి సందుల నుంచి లోపలి స్టిక్కరు కనపడుతుంటే రిపేర్ పిలగాడు "అన్నా, ఇది జేబుల పెట్టుకొని తిరిగినవా ఇన్నిరోజులు?" అని నా మొఖం చూసిండు. తొమ్మిది వందలకు కొత్తది ఏసిండు, ఒరిజినల్ అన్నడు, ఒరిజినల్ కాదని ఇద్దరికి తెలుసు, అయినా మూడేండ్లు నడిచింది. మైక్రో యూఎస్‌బీ పిన్ను మాత్రం పరమ చెత్త, ఎటు పెట్టాలో చీకట్ల తెలువది, లూజ్ అయినంక వైరు కింద అగ్గిపెట్టె పెట్టి, ఫోను మీద రిమోట్ పెట్టి బరువు ఆపితే తప్ప ఎక్కకపోయేది. రెండుసార్లు పిన్ను మార్పిచ్చిన. ఐరోపల 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లకు టైప్ సీ తప్పనిసరి చేసిండ్రు, మనకు అట్ల కాకముందే కంపెనీలు మారిపోయినయి, ఈ ఏడేండ్లల్ల వచ్చిన మార్పులల్ల నాకు నిజంగ పనికొచ్చేది ఇదొక్కటే అనిపిస్తది.

అప్‌డేట్లు 2021ల ఆగిపోయినయి. చెప్పి ఆపిండ్రా అంటే అదీ లేదు, నెల నెల వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ ఒక నెల రాలే, మల్ల నెల రాలే, సెట్టింగ్స్‌ల పోయి చూస్తే మీ ఫోను అప్ టు డేట్ అని నవ్వుకుంట చెప్తది. మా పంచాయతీ సంగతి కూడా గంతే అయ్యింది గమ్మతుగ, 2024 ఫిబ్రవరి 1తోని పాలకవర్గం టర్మ్ అయిపోయింది, కొత్త ఎలక్షన్ లేదు, స్పెషల్ ఆఫీసర్ అన్నరు, ఆయనకు ఇంక వేరే ఊర్లు కూడా ఉండె, దగ్గర దగ్గర రెండేండ్లు వీధి లైటు పోతే ఎవ్వరిని తిట్టాలో తెలువకపోయేది. తిట్టుడు కోసమన్నా సర్పంచ్ ఉండాలె అని మా బాపు అంటుండె. పాత సర్పంచ్ పాపం గ్రూపుల "నాకు సంబంధం లేదు" అని వాయిస్ మెసేజ్ పెట్టిండు, ఆ వాయిస్ ఇప్పటికి కూడా నా ఫోన్‌ల ఉన్నది, దాన్ని మాత్రం డిలీట్ చెయ్యలే.

రిజర్వేషన్ల కేసులు అవి ఇవి అయ్యి ఆఖరుకు 2025 డిసెంబర్ 11, 14, 17న మూడు విడతలుగ ఎలక్షన్లు పెట్టిండ్రు, మాది మళ్ల మూడో విడతనే. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె, బయటోళ్లకు తెలువది. మా పంచాయతీ ఎలక్షన్ల మెషిన్లు ఉండయి, కాయిదం బ్యాలెటే, సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డు మెంబర్‌కు తెలుపు. దాని మీద పార్టీ గుర్తు ఉండదు, మనిషి పేరు కూడా ఉండదు, ఉత్త గుర్తే ఉంటది. ఆ గుర్తులు కూడా అభ్యర్థుల పేర్లను అక్షరమాల వరుసల పెట్టి లైన్‌గ ఇస్తరు, అందుకే ఏ ఊరికి పోయినా ఫస్ట్ ఉన్నోళ్లకు ఉంగరం, తర్వాతోళ్లకు కత్తెర. దీన్ని ఈసారి మా యూత్ మస్తు వాడిండ్రు. 2019ల పాట కావాలంటే పాడేటోన్ని పట్టుకొచ్చి ఆటోల మైకు కట్టాలె, ఈసారి ఏఐ యాప్‌ల నాలుగు లైన్లు రాస్తే డప్పు కొట్టి మరీ పాట వస్తుంది, ఒకడు గట్ల చేసిన ఉంగరం పాట పక్క మండలం గ్రూపుల నుంచి తెచ్చి మా గ్రూపుల పడేసిండు, రెండు రోజులు అందరు స్టేటస్ పెట్టుకున్నరు, మూడో రోజు ఒక అవ్వ అడిగింది, "పాటల మన ఊరి పేరు ఏది బిడ్డా, గదెవరి ఊరు?" అని. అవునుగదా, వేరే ఊరి పేరే ఉన్నది.

ఈ పాటలు వీడియోలు నా ఫోన్‌ల తెరుచుకోవు. నొక్కితే గుండ్రంగ తిరుగుతది, తిరిగి తిరిగి వాట్సాప్ మూసుకుంటది. ఒక రకంగ ఆ పదిహేను రోజులు ఊళ్లె ప్రశాంతంగ ఉన్నది నేనొక్కన్నే కావచ్చు.

17న పొద్దుగాల 7 నుంచి ఒంటిగంట దాక పోలింగ్, 2 గంటల నుంచి అదే స్కూళ్ల లెక్కింపు. లోపలికి ఫోన్లు రానియ్యరని మా వార్డు ఆడోళ్లు అందరు ఫోన్లు తెచ్చి గేటు బయట కూసున్న నా ముంగట పెట్టిపోయిండ్రు, గోనెసంచి పరిచి వరుసగ పెట్టిన, ముప్పై దాక ఉన్నయి, ముప్పైట్ల నాది తప్ప అన్నిటికి వెనుక మూడు మూడు కెమెరాలు. ఒక్కొక్కటి మోగుతుంటే ఎవరిదో గుర్తుపట్టలేక అన్ని కట్ చేసిన, దానికి తర్వాత తిట్లు తిన్న. సాయంత్రం ఉంగరం నాలుగు ఓట్లతోని గెలిచిందన్నరు, కత్తెరోళ్లు మళ్లీ లెక్కపెట్టుమన్నరు, మళ్ల నాలుగే. అప్పటికి నా ఫోను 19 పర్సెంట్. మా బావ ఈసారి కూడా వార్డు మెంబర్‌గ గెలిచిండు, గ్యాస్ పొయ్యి గుర్తు మీద, భుజాల మీద ఎత్తుకున్నరు, గులాల్ చల్లుతున్నరు, నేను వీడియో ఆన్ చేసిన. ఆరు సెకన్లు వచ్చింది. తర్వాత స్టోరేజ్ నిండిందని పడ్డది. బావ పైనుంచి "తీస్తున్నవా బామ్మర్ది?" అని అరుస్తుండు, నేను తీస్తున్న తీస్తున్న అనుకుంట ఒక దిక్కు ఫోను పట్టుకొని ఇంకో దిక్కు సర్పంచ్ క్యాండిడేట్ పోస్టర్లు డిలీట్ చేస్తున్న.

ఇగ కొత్తది కొనక తప్పలే. షాపుల మెమొరీ చిప్పుల రేట్లు పెరిగినయి, ఏఐ డేటా సెంటర్లకే పోతున్నయి అందుకే ఫోన్ల రేట్లు ఎక్కినయి అన్నరు, అంటే నా ఫోన్‌ల తెరుచుకోని ఆ పాటల ఖర్చు కూడా నా మీదనే పడ్డదన్నట్టు. ఏఐ ఫీచర్లు చూపెట్టబోయిండు పిలగాడు, నేను మూడే అడిగిన, స్టోరేజ్ ఎంత, అప్‌డేట్లు ఎన్నేండ్లు అని కాయిదం మీద ఉన్నదా, బ్యాటరీ మన మండలంల మారుస్తరా. కొన్ని కంపెనీలు ఇప్పుడు పెద్ద ఫోన్లకు ఏడేండ్ల అప్‌డేట్లు అంటున్నయి, మన బడ్జెట్‌ల అది రాదు, నాలుగేండ్లది దొరికింది, 128 జీబీ. డబ్బాల ఛార్జర్ లేదు, ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు, ఎఫ్ఎం లేదు.

పాతది బాపుకు ఇచ్చిన. సిమ్ము తీసేసి, వాట్సాప్ తీసేసి, వైరు పెట్టుకొని రేడియో వింటుండు, ఆయనకైతే ఐదుకు ఐదు స్టార్లు. నేను మూడున్నర ఇస్తా, సగం పిన్నుకు కట్ చేసిన, ఒకటి అప్‌డేట్లకు. స్టోరేజ్‌కు ఏం కట్ చెయ్యలే, దాంట్ల ఫోను తప్పేం లేదు. కొత్త ఫోన్ల ఇప్పటికే మూడు గ్రూపులల్ల కలిపిండ్రు, ఒకదానికి మా బావనే అడ్మిన్.