ఎట్సీలో వస్తువు ఇట్టే దొరుకుతుంది, చేసిన మనిషిని మాత్రం మనమే వెతుక్కోవాలి

చేత్తో చేసిన వస్తువులు ఆన్‌లైన్‌లో ఎక్కడ కొనాలని ఎవరడిగినా ముందు ఎట్సీ పేరే చెప్తాను (ఎవరికి వారు షాపు తెరుచుకుని అమ్ముకునే సైట్ అది), చెప్పాక ఓ పావుగంట జాగ్రత్తలు కూడా చెప్తాను. అడిగినవాళ్లందరికీ ఇదే పాట పాడే బదులు ఒక్కసారి రాసి పెడితే పోలా అనిపించింది. ఇందులో నేను కొన్నది తక్కువ, ఊరికే తిరిగింది ఎక్కువ. ఆ తిరుగుడు వల్లే నాలుగు విషయాలు తెలిశాయి.

ముందు సెర్చ్ సంగతి. ‘సిరామిక్ మగ్’ అని కొట్టి చూడండి, పేజీలకు పేజీలు వస్తాయి, పైన కనిపించేవాటిలో కొన్నింటి మీద చిన్న అక్షరాల్లో యాడ్ అని ఉంటుంది, అంటే అవి డబ్బు కట్టి ముందుకొచ్చినవి. ఫలానా రంగు, ఫలానా సైజు మగ్ కావాలంటే ఈ సెర్చ్ చాలు. కానీ మనకి కావాల్సింది మగ్గు కాదు, కుమ్మరి సారె ముందు కూర్చుని దాన్ని తీసిన మనిషి పని అయితే, సెర్చ్ గుమ్మం దాకే తీసుకెళ్తుంది.

నేను చేసేది ఇదీ. నచ్చిన వస్తువు ఒకటి కనపడగానే దాన్ని వదిలేసి షాపు లోపలికి వెళ్తాను. అన్ని వస్తువుల్లోనూ ఒకే చెయ్యి కనపడుతోందా అని చూస్తాను. ఒకే షాపులో మగ్గులు, తోలు పర్సులు, నియాన్ లైట్లు, కుక్కల బెల్టులు కలిపి ఉంటే అక్కడే అనుమానం. తర్వాత కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు, ఎందుకంటే అమ్మేవాళ్ల ఫొటోలు అందరివీ బాగానే ఉంటాయి. ఆ తర్వాతే అసలు కిటుకు: ఆ షాపు మనిషి ప్రొఫైల్ తెరిచి, తను ఫేవరెట్స్‌లో పెట్టుకున్నవి చూడండి. కొందరు దాచిపెడతారు, చాలామందివి కనిపిస్తాయి. ఒక కుమ్మరి మెచ్చిన ఇంకో కుమ్మరి, ఆ కుమ్మరికి నచ్చిన లినోకట్ ఆర్టిస్టు (లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అద్దే పని), అక్కణ్నుంచి పుస్తకాలు చేత్తో కుట్టి బైండింగ్ చేసే ఆవిడ. నా దగ్గరున్న మంచి వస్తువులన్నీ ఈ దారిలో దొరికినవే, ఒక్కటీ సెర్చ్‌లో తగల్లేదు.

స్టార్ సెల్లర్ అని ఊదారంగు బిళ్ల కనిపిస్తుంది చూడండి, దాన్ని చూసి పని గొప్పదని అనుకోకండి. మెసేజ్‌కి 24 గంటల్లో జవాబిచ్చాడా, చెప్పిన టైముకి పంపాడా, సగటు రేటింగ్ 4.8కి తగ్గకుండా ఉందా, ఆ లెక్కలకిచ్చే బిళ్ల అది. సర్వీసు బాగుంటుంది, అంతవరకే. ఒక్కతే కూర్చుని నెలకి పది వస్తువులు చేసుకునే మనిషి మట్టి చేతులతో రోజూ ఫోన్ చూసుకోలేక ఆ బిళ్ల పోగొట్టుకోవచ్చు.

‘చేత్తో చేసింది’ అనే మాట కూడా ఇక్కడ కాస్త సాగుతుంది. ఎట్సీ 2005లో బ్రూక్లిన్‌లో మొదలైంది. 2013లో రూలు సడలించి, డిజైన్ నీదైతే తయారీకి బయటివాళ్ల సాయం తీసుకోవచ్చన్నారు. అందులో తప్పేం లేదు, గుడ్డ మీద పూలు గీసే అమ్మాయి ప్రింటింగ్ మిల్లు పెట్టుకోలేదు కదా! 2024లో ఇంకో పని చేశారు, అమ్మేవాళ్లే చేసిందా, డిజైన్ మాత్రమే చేసిందా, పాతకాలపు వస్తువుల్లోంచి ఏరిందా, చేతిపనికి వాడే సామానా అని విడివిడిగా లేబుల్స్ పెట్టారు. ఆ లేబుల్ చదవకుండా కొనకండి. ఏఐతో చేసిన బొమ్మలు కూడా డిజైన్ కిందే అమ్ముకోవచ్చు, వివరాల్లో ఆ సంగతి చెప్పాలి. అందుకే బొమ్మలు కొనేటప్పుడు వివరాలు చివరిదాకా చదవాలి.

వస్తువు చేతికొచ్చాక కూడా చాలా తెలుస్తుంది. నా మగ్గునే తీసుకోండి. తిరగేస్తే అడుగున గరుకుగా, గ్లేజ్ (గాజులా మెరిసే పూత) లేని రింగు ఒకటి ఉంటుంది, అక్కడ గ్లేజ్ ఉంటే బట్టీలో పలకకి అంటుకుపోతుంది కాబట్టి తుడిచేస్తారు. ఆ రింగుకి కాస్త పైన రెండు చిన్న మచ్చలు, గ్లేజ్‌లో ముంచేటప్పుడు వేళ్లతో పట్టుకున్న చోటన్నమాట. లోపల వేలు పెట్టి తిప్పితే సారె మీద తీసిన గీతలు తగులుతాయి. అచ్చులో పోసిన మగ్గుకి ఈ గీతలుండవు, పైగా పక్కన అతుకు గీత సన్నగా కనపడొచ్చు. లినోకట్ ప్రింట్‌కైతే మామూలుగా బొమ్మ కింద పెన్సిల్‌తో 7/40 లాంటి నంబరూ సంతకమూ ఉంటాయి, అంటే 40 తీసిన వాటిలో ఇది ఏడోది. భూతద్దం పెడితే ఇంకు నిండుగా, సాదాగా ఉంటుంది. సన్నటి రంగు చుక్కలు కనపడితే అది ప్రింటర్‌లోంచి వచ్చిన కాపీ.

ఈ చుక్కల పాఠం నాకు ఊరికే రాలేదు. ఇంకో సైట్‌లో, పేరెందుకులెండి, ‘ఒరిజినల్ బ్లాక్ ప్రింట్’ అని ఆశపడి కొంటే కవర్లోంచి శుభ్రమైన ఇంక్‌జెట్ కాగితం వచ్చింది. అమ్మినవాళ్లు పెట్టిన ఫొటోనే ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూస్తే పది షాపుల్లో ఉంది. కొనకముందు చేయాల్సిన పని కొన్నాక చేశాను. ఇప్పుడు ఏది కొన్నా ముందు ఆ రెండు నిమిషాల పని అయ్యాకే కార్ట్.

డబ్బు సంగతి కూడా కొంచెం. ఎట్సీ అమ్మకంలో తీసుకునే వాటాని 2022 ఏప్రిల్‌లో 5 శాతం నుంచి 6.5కి పెంచింది, దానికి నిరసనగా వేలమంది అమ్మకందారులు ఓ వారం షాపులు మూశారు కూడా. ఇది కాక, బయట ఎక్కడో కనిపించిన ఎట్సీ యాడ్ నొక్కి లోపలికొచ్చి 30 రోజుల్లోపు ఆ షాపులో ఏం కొన్నా, అమ్మినవాళ్ల దగ్గర ఇంకో 12 లేదా 15 శాతం పడుతుంది. కాబట్టి యాడ్ కనిపిస్తే నొక్కకండి, షాపు పేరు గుర్తుపెట్టుకుని నేరుగా వెళ్లండి. మనకి పోయేదేం లేదు, వాళ్లకి మిగులుతుంది.

వేరే దేశం నుంచి వస్తే కస్టమ్స్ వాళ్లు వేసేది విడిగా చూసుకోవాలి, దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

నా రేటింగ్ అయిదుకి నాలుగు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఈ తిరుగుడంతా తెలియనివాళ్లు మొదటి పేజీ చూసి అదే ఎట్సీ అనుకుని వెళ్లిపోతారు. మగ్గు చేసిన ఆవిడని అదే నీలం రంగులో ఇంకోటి కావాలని అడిగితే, ‘అదే రంగు రాదండీ, బట్టీలో ఏ అరలో పెడితే ఆ రంగు, వచ్చినవి ఫొటో తీసి పంపుతా, ఏరుకోండి’ అంది. నాలుగు ఫొటోలు పంపింది, వాటిలో ఒకటి నీలం కూడా కాదు, ఆకుపచ్చ. అదే తీసుకున్నాను. ప్రస్తుతం బట్టీ రిపేరులో ఉందని షాపు మూసి నోటు పెట్టింది, వారానికోసారి వెళ్లి తెరిచిందా అని చూసొస్తున్నాను.