హిరోషిమా మ్యూజియం: 200 యెన్ల టికెట్, ఒక కాలిన క్యారేజీ

ముందే చెప్తున్నా, హిరోషిమా శాంతి స్మారక మ్యూజియానికి గంట చాలదు. మా టూర్ వాళ్ళు (పేరెందుకులెండి) సరిగ్గా గంటే ఇచ్చారు, బస్సు ఎక్కడ వెళ్ళిపోతుందో అన్న టెన్షన్‌లో సగం కూడా చూడలేదు. మర్నాడు సొంతంగా ట్రామ్ ఎక్కి మళ్ళీ వెళ్ళా. టికెట్ 200 యెన్లు, మన డబ్బుల్లో వంద పైచిలుకు. రెండోసారి కొన్నందుకు బాధేం లేదు.

ఇదివరకు ఇక్కడ ఒళ్ళు కాలి, చర్మం వేలాడుతూ నడిచే మనుషుల బొమ్మలు ఉండేవి. 2017లో తీసేశారు. అవి లేకపోతే బాంబు ఘోరం ఏం తెలుస్తుందని అప్పట్లో కొందరు గొడవ చేశారు, వెళ్ళేదాకా నాదీ అదే మాట. 2019లో కొత్తగా సర్ది తెరిచిన మెయిన్ బిల్డింగ్‌లో అడుగుపెట్టాక నోరు మూసుకున్నా. గదులు మసక చీకటిగా ఉంటాయి, వెలుగంతా వస్తువుల మీదే.

అద్దం వెనక ఒక క్యారేజీ డబ్బా. లోపలున్నదంతా నల్లటి బొగ్గు. 13 ఏళ్ళ కుర్రాడిది. బాంబులు పడితే మంటలు పాకకుండా ఊళ్ళో ఇళ్ళు కూల్చి ఖాళీ జాగా చేసేవాళ్ళట, ఆ పనికి బడిపిల్లల్ని కూడా పంపేవాళ్ళు. 1945 ఆగస్టు 6న ఆ పనికే వెళ్ళాడు, 8:15కి బాంబు పేలింది. వెతుక్కుంటూ వచ్చిన వాళ్ళమ్మకి శవం కింద ఈ డబ్బా దొరికింది. పొద్దున్నే తను కట్టిచ్చిన డబ్బా. అక్కడ నెత్తురు లేదు, బొమ్మ లేదు, పక్కన నాలుగు ముక్కలు రాసి ఉన్నాయంతే. నా ముందు నోట్సు రాసుకుంటున్న ఒక బడిపిల్ల కూడా ఆ అద్దం దగ్గర పెన్సిల్ ఆపేసింది.

ఇంకొకటి, తుప్పు పట్టిన మూడు చక్రాల సైకిల్. నాలుగేళ్ళు కూడా నిండని పిల్లాణ్ణి దూరాన ఒంటరిగా పాతిపెట్టడానికి మనసొప్పక, తండ్రి ఇంటి పెరట్లోనే సైకిల్‌తో సహా పూడ్చాడు. 40 ఏళ్ళ తర్వాత, 1985లో బయటికి తీసి మ్యూజియానికి ఇచ్చాడు.

నచ్చనిది కూడా చెప్పాలి. తూర్పు బిల్డింగ్‌లో గుండ్రటి ఊరి నమూనా మీద బాంబు పడుతున్నట్టు ప్రొజెక్టర్‌తో చూపిస్తారు. ఊరంతా క్షణంలో ఎలా పోయిందో అర్థమవుతుంది, కాదనను, కానీ పైనుంచి చూస్తుంటే వీడియో గేమ్ చూసినట్టుంది. విమానంలో కూర్చున్నవాడికి అలాగే కనిపించి ఉంటుంది.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని మాత్రం తీసుకెళ్ళొద్దు. రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్ళండి. చివర్లో అద్దాల కిటికీల వరండా ఒకటి వస్తుంది, అక్కణ్ణుంచి పార్కంతా కనిపిస్తుంది. కాసేపు కూర్చోండి, అందరూ అక్కడే కూర్చుంటారు, ఎవరూ మాట్లాడుకోరు. దగ్గర్లో మంచి హోటల్ ఏదని నన్ను అడక్కండి, ఆ మధ్యాహ్నం అన్నం జోలికి పోలేదు.