నాన్న అంబాసిడర్ సీట్లు: ఒక దర్జీ చూసిన పని

రెక్సిన్ మీద సూది ఒకసారి దిగితే ఆ రంధ్రం మళ్లీ పూడదు. నూలు బట్టలో కుట్టు తప్పితే విప్పి, నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే పోగులు దగ్గరకు జరిగి గుర్తు మాసిపోతుంది. రెక్సిన్‌కు ఆ అవకాశం లేదు. గుంటూరు బ్రాడీపేటలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నదాన్ని కాబట్టి, సీట్లు కుట్టే మనిషి పనితనాన్ని నేను ముందు ఆ రంధ్రాలలోనే వెతుకుతాను. విజయవాడ ఆటోనగర్‌లో మా బండి సీట్లు చేసిన మాస్టరు గారి దుకాణం పేరు కూడా రాస్తానంటే ఆయన వద్దన్నారు. "ఉన్నది ఇద్దరం అమ్మా, ఉన్న పనికే పొద్దు చాలడం లేదు" అన్నారు. అందుకని పేరు వదిలేసి పని గురించే రాస్తున్నాను.

బండి 1986 నాటి మార్క్ 4 డీజిల్ అంబాసిడర్. నాన్న దాన్ని గుంటూరు రైల్వే స్టేషన్ దగ్గర పందొమ్మిదేళ్లు టాక్సీగా నడిపారు. 2014లో ఈ కార్ల తయారీ ఆగిపోయిందని వార్త వచ్చిన రోజు పేపరును మడిచి బీరువాలో పెట్టుకున్నారు. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి ముందు సీటు మంచంలా ఒకే పొడవు. అంత పొడవులో డ్రైవరు వైపు మాత్రం గిన్నెలా గుంట పడిపోయింది. మొదట మడిచిన దుప్పటి, తరువాత దిండు వేసుకుని నడిపేవారు. దిగేటప్పుడు నడుము పట్టుకుని కాసేపు తలుపు ఆనుకుని నిలబడితే తప్ప అడుగు వేయలేకపోయేవారు.

మూడేళ్ల క్రితం మా ఊళ్లోనే ఒక దుకాణంలో కుట్టించాం. వాళ్లు పాత సీటు విప్పనే లేదు. పాత రెక్సిన్ మీదే పలుచని స్పాంజి పరచి, సొల్యూషన్ పూసి, కొత్త తొడుగు లాగి అంటించారు. చూడడానికి నిగనిగలాడింది. రెండు వేసవులకే కుట్టు వెంబడి చిరిగింది. కుట్టు మరీ దగ్గరగా వేశారు. రెక్సిన్ మీద సన్నకుట్టు వేస్తే తపాలా బిళ్లల మధ్య చిల్లుల వరుసలా తయారవుతుంది, లాగితే అక్కడే విడిపోతుంది. ఆ రోజు నేను వెళ్లి చూసి ఉంటే ఆపేదాన్ని.

ఆటోనగర్ మాస్టరు గారు సీటు బయటకు తీయగానే బోర్లా తిప్పి కింద నుంచి చూశారు. చేత్తో స్ప్రింగులు ఒక్కొక్కటే నొక్కుతూ రెండు చోట్ల ఆగి సుద్దతో గుర్తు పెట్టారు. ఆ తరువాత నా ఎదురుగానే విప్పారు. పైన చిరిగిన తొడుగు, దాని కింద కంపెనీ రెక్సిన్, ఆ కింద చేయి తగిలితే పసుపు పొడిలా రాలే స్పాంజి, కొబ్బరి పీచు పరుపు, చీకిపోయిన గోనెపట్ట, అన్నిటికీ అడుగున తుప్పు పట్టిన స్ప్రింగులు. గోనెపట్ట చిరిగినప్పటి నుంచి స్ప్రింగులు నేరుగా పీచును కోస్తూ వచ్చాయట. నాన్న వేసుకున్న దిండు ఏళ్ల తరబడి ఆ కోతను కప్పి ఉంచింది.

చాలామంది స్ప్రింగులు తీసేసి మొత్తం స్పాంజి దిమ్మె పెట్టేయమంటారని, తాను అలా చేయనని ఆయన చెప్పారు. దిమ్మె మొదట బాగానే ఉంటుంది. గాలి ఆడదు కాబట్టి మన ఎండల్లో వేడెక్కుతుంది, రోజూ కూర్చునే చోట అణిగిపోతుంది. స్ప్రింగుల మధ్య ఖాళీ ఉంటే గాలి తిరుగుతుంది, బరువు పక్క స్ప్రింగులకూ పంచుకుంటుంది. అందుకే విరిగిన రెండింటి స్థానంలో ఒక పాత అంబాసిడర్ సీటు నుంచి తీసిన స్ప్రింగులు వేసి, ఫ్రేముకు పగిలిన చోట వెల్డింగ్ చేయించి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూసి, స్ప్రింగులన్నిటినీ పురికొసతో ఒకదానికొకటి కట్టారు. పైన కొత్త గోనెపట్ట, కొత్త పీచు, దాని మీద 40 డెన్సిటీ స్పాంజి. డెన్సిటీ అంటే ఘనపు మీటరు స్పాంజి బరువు ఎన్ని కిలోలో ఆ లెక్క. దిండ్లలో వాడే తేలిక రకం త్వరగా నలిగిపోతుంది.

ఇక్కడ ఆయన చేసిన ఒక పని నన్ను కదిలించింది. తొడుగు వేయకముందే సీటును బండిలో పెట్టి నాన్నను కూర్చోబెట్టారు. "పెద్దాయనా, బానెట్ చివర కనిపిస్తోందా?" అని అడిగారు. నాన్న ఐదడుగుల రెండంగుళాల మనిషి. మెడ చాచి చూడడం ఆయనకు అలవాటైపోయి, కనిపిస్తోందనే అన్నారు. మాస్టరు గారు ఆ మెడను చూశారు. సీటు మళ్లీ దించి డ్రైవరు వైపు పీచు కింద ఇంకో అంగుళం పొర వేసి, మధ్యకు వచ్చేసరికి దాన్ని పలచబరిచారు. పైకి సీటు ఒకే మట్టంగా కనిపిస్తుంది. చేత్తో తడిమితే తప్ప ఎత్తు తేడా నాకే తెలియలేదు.

కత్తిరింపు దగ్గర నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కంపెనీ తొడుగును కుట్టు విప్పి ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద అంకె వేసి కొలత జాకెట్టులా వాడుకున్నారు. ఏళ్ల వాడకానికి సాగిన ముక్కను ఉన్నదున్నట్టు గీస్తే కొత్తది వదులవుతుంది. కూర్చునే భాగంలో అర అంగుళం చొప్పున తగ్గించి గీశారు. నా దగ్గరకు వచ్చే పాత జాకెట్ల విషయంలో నేను చేసేదీ అదే. ఆయన సుద్ద ఎక్కడ లోపలికి జరుగుతుందో ముందే ఊహించగలిగినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

తొడుగు లోపలి వైపు గుడ్డ గొట్టాలు కుట్టి వాటిలో ఇనుప కడ్డీలు దూర్చుతారు, లంగాలో నాడా ఎక్కించినట్టు. ఆ కడ్డీని ఇనుప రింగులతో స్ప్రింగులకు బిగిస్తే సీటు మీద లోతైన గీత ఏర్పడుతుంది. పాత దుకాణం వాళ్లు సొల్యూషన్‌తో చేయబోయినది ఈ పని. కుట్టు పూర్తయ్యాక తొడుగును గంటసేపు ఎండలో పరిచారు. వెచ్చబడిన రెక్సిన్ మెత్తబడి మూలల్లో ముడత లేకుండా సాగుతుంది. మూడున్నర దశాబ్దాల సీటు మూలలు నున్నగా తిరగడం చూస్తే, చంక దగ్గర ముడత పడని జాకెట్టు చూసినంత తృప్తిగా ఉంది. అంగుళానికి ఆరు కుట్లు, పాలిస్టర్ దారం, పై కుట్టు పైపింగుకు, అంటే అంచు వెంబడి ఉబ్బెత్తుగా వేసే సన్నని పట్టీకి, ఆనుకుని గీత గీసినట్టు నడిచింది.

తలుపుల పని కూడా ఇచ్చాం. లోపలి అట్టలు అడుగున ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయి. అద్దం పక్క నుంచి తలుపులోకి వాన నీరు దిగడం మామూలే, అడుగున ఉన్న రంధ్రాల గుండా అది బయటకు పోవాలి. అట్ట వెనుక ఉండాల్సిన ప్లాస్టిక్ కాగితం మా బండికి ఎప్పుడో ఊడిపోయింది, నీరంతా అట్ట పీల్చింది. కొత్త అట్టలు కోసి, వెనుక మందపాటి పాలిథీన్ అంటించి బిగించారు. మెరుపు పట్టీలు కొత్తవి వేయబోతే నాన్న ఒప్పుకోలేదు. పాతవాటినే సొట్టలు తీసి, పాలిష్ చేసి, విరిగిన కొక్కేల చోట సన్నని రేకు అతికి మళ్లీ వేశారు. దగ్గర నుంచి చూస్తే గీతలు కనిపిస్తాయి. నాకు అవే నచ్చాయి.

లోపాలు కూడా చెప్పాలి. పది రోజులన్నది పదిహేడు రోజులైంది. ఫోను చేస్తే ఎత్తరు, వెళ్లి అడగాల్సిందే. నేను గుంటూరు నుంచి నాలుగు సార్లు బస్సులో వెళ్లాను. వెనుక సీటు పైపింగు అతుకు సరిగ్గా మధ్యలో, అందరి కంటా పడే చోట వచ్చింది. అతుకును మూలకు తీసుకుపోవడం పెద్ద కష్టం కాదు. ముందు సీటు చేసిన చేయి, వెనుక సీటు చేసిన చేయి ఒకటి కావని నా అనుమానం. అడిగితే దాచలేదు, వెనుకది కుర్రవాడు కుట్టాడన్నారు. ఇంకొకటి, కంపెనీ వాళ్ల ముదురు ఎరుపు దొరకలేదు. తెచ్చినది ఒక పాలు గోధుమ రంగు వైపు ఉంది.

మొత్తం 27,500 రూపాయలు అయింది. అందులో వెల్డింగ్, తలుపుల అట్టలు కలిసే ఉన్నాయి. గుంటూరులో తొడుగు మాత్రం వేయడానికి 9,000 ఇచ్చాం, అది రెండేళ్లు నిలిచింది. పాత బండి ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగేది, సీటు విప్పేటప్పుడు పక్కనే ఉండండి, పాత తొడుగు ముక్కలు అడిగి ఇంటికి తెచ్చుకోండి. మా ముక్కలు అంకెలతో సహా నా దుకాణంలో పెట్టెలో ఉన్నాయి. మళ్లీ ఎప్పుడైనా కుట్టాల్సి వస్తే కొలత అవే.

బండి తీసుకున్న రోజు నాన్నే నడిపారు. కృష్ణ మీది వారధి దాటి మంగళగిరి వచ్చేవరకు మాట్లాడలేదు. అక్కడ టీ కోసం ఆపి, దిగి, తలుపు వేసి, నడుము పట్టుకోకుండా అంగడి వైపు నడిచి వెళ్లారు. నేను బండిలోనే కూర్చుని ఆయన నడక చూశాను. వెనుక పైపింగు విప్పి మళ్లీ వేస్తానని, సంక్రాంతి లోపు తీసుకురమ్మని మాస్టరు గారు చెప్పారు. డబ్బు అక్కర్లేదన్నారు.