అన్నం తిని తిరుగుతున్నావా: ఏడుసార్లు చూశాక ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’

‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ కథ ఇక్కడ చెప్పను. బాంగ్ జూన్ హో తీశాడని, 2003లో వచ్చిందని, 1986 నుంచి 1991 వరకు దక్షిణ కొరియాలోని హ్వాసోంగ్‌లో జరిగిన 10 హత్యల చుట్టూ నడుస్తుందని ఈపాటికి చాలామందికి తెలుసు. నేను మొదట 2011లో చూశాను, హాస్టల్లో, ఫ్రెండ్ హార్డ్‌డిస్క్‌లోంచి కాపీ చేసుకుని. ఇప్పటికి ఏడుసార్లయింది. ఇన్నాళ్లకు రాయాలనిపించింది మాత్రం అందులోని ఒక్క డైలాగ్ గురించి. అది నాకు అర్థం కావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. సినిమా చూడనివాళ్లు చూశాకే ముందుకు చదవండి.

చివర్లో రైలు సొరంగం దగ్గర సీన్. జోరున వాన. అమెరికా నుంచి డీఎన్ఏ రిపోర్టు వస్తుంది. అనుమానితుడితో కలవలేదని ఉంటుంది అందులో. కాగితాలు అబద్ధం చెప్పవని సినిమా అంతా నమ్మిన సియోల్ డిటెక్టివ్ ఆ కాగితాన్ని నమ్మలేక తుపాకీ ఎత్తుతాడు. ఊరి డిటెక్టివ్ పాక్ దూమన్, అంటే ఆ పాత్ర వేసిన మన సాంగ్ కాంగ్ హో, అడ్డుపడతాడు. అనుమానితుడైన ఆ కుర్రాడి మొహం చేతుల్లోకి తీసుకుని కళ్లలోకి చూస్తాడు. కళ్లు చూస్తే చాలు, నేరం చేసిందెవడో చెప్పేస్తానని మొదటి నుంచీ చెప్పుకున్న మనిషి. చూసి చూసి, ‘ఏమో, తెలీట్లేదు’ అంటాడు. ఆ వెంటనే ఇంకో మాట అడుగుతాడు.

నా కాపీలోని ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో ఆ మాట ‘నువ్వూ పొద్దున్నే లేస్తావా’ అన్నట్టు ఉంది. అంత టెన్షన్‌లో ఈ ప్రశ్నేంటో తల గోక్కున్నా అర్థం కాలేదు. వాళ్ల సామెత ఏదో అయ్యుంటుందనుకున్నాను. సినిమా గొప్పదే కానీ ఆ ఒక్క చోట తేలిపోయిందని రూమ్మేట్స్‌తో గట్టిగా వాదించాను కూడా. తర్వాత మూడుసార్లు చూసినా అదే కాపీ, అదే అభిప్రాయం.

తర్వాత నాకు పెనుకొండ వైపు ఉద్యోగం వచ్చింది. కొరియా కార్ల ఫ్యాక్టరీ పడ్డాక మా వైపు కొరియా వాళ్లు కనబడటం మామూలే కదా. మా దగ్గర కూడా ఒక పెద్దాయన ఉండేవారు, ఇంజినీరు. మధ్యాహ్నం ఎవరు ఎదురైనా ‘పాప్ మొగొస్సో?’ అని పలకరించేవారు. అన్నం తిన్నావా అని. మా ఊళ్లో ‘తిన్యావా?’ అని అడిగినట్టే. 2020 ఫిబ్రవరిలో ఇదే దర్శకుడి ఇంకో సినిమాకు ఆస్కార్ వచ్చినప్పుడు క్యాంటీన్లో అదే కబురు. అప్పుడు గుర్తొచ్చి, ‘సార్, ఆ సొరంగం దగ్గర పొద్దున్నే లేవడం గురించి ఎందుకు అడుగుతాడు?’ అన్నాను. ఆయనకు ముందు నా ప్రశ్నే అర్థం కాలేదు. ఫోన్లో సీన్ చూపించాను.

చూసి, స్పూన్ పక్కన పెట్టేశారు. అది పొద్దున లేవడం గురించి కాదన్నారు. ‘పాబున్ మొక్కో తానిన్యా’ అని ఆయనే ఒకసారి అని, ఒక్కో మాటా విడదీశారు. పాప్ అంటే అన్నం. మొక్కో అంటే తిని. తానిన్యా అంటే తిరుగుతున్నావా. మొత్తం కలిపి ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తెలీక ఆయన వెతుక్కుంటుంటే నాకు ఒళ్లు జలదరించింది. తెలుగులో అది అప్పటికే తయారుగా ఉంది, మాటల వరస కూడా మారకుండా: ‘అన్నమైతే తిని తిరుగుతున్నావా?’

జాలా, కోపమా అని అడిగాను. వాళ్లలో వాళ్లకే దాని మీద వాదనలు ఉన్నాయన్నారు. మనకైతే ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పీక్కుపోయిన మొహం చూసి ‘అన్నమైనా తింటున్నావా’ అనేదీ మనమే, ‘ఇంత పని చేసి నీకు ముద్ద ఎట్లా దిగుతోంది’ అనేదీ మనమే. ఎదురుగా ఉన్నవాడు హంతకుడో, ఏ పాపం ఎరగనివాడో తేల్చుకోలేని మనిషి, ఇద్దరిలో ఎవరినైనా సరే అడగగలిగిన ప్రశ్న అది. ఆ మాట సాంగ్ కాంగ్ హో షూటింగ్‌లో సొంతంగా అన్నదట. ఆ రాత్రి ఇంటికెళ్లి సొరంగం సీన్ ఒక్కటే నాలుగైదు సార్లు చూశాను. హాస్టల్లో చేసిన వాదన గుర్తొచ్చి సిగ్గేసింది.

అసలు హంతకుడి సంగతి అప్పటికే బయటపడింది. 2019 సెప్టెంబరులో పాత సాక్ష్యాల మీది డీఎన్ఏ లీ చున్ జే అనే ఖైదీతో కలిసింది. మరదలిని చంపిన కేసులో 1994 నుంచీ జైల్లోనే ఉన్నాడు. మొత్తం 14 హత్యలు ఒప్పుకున్నాడు. హత్య చేసినవాడిపై కేసు పెట్టడానికి అప్పట్లో ఉన్న 15 ఏళ్ల గడువు 2006లోనే దాటిపోవడంతో ఈ హత్యలకు శిక్ష వేయడానికి లేకపోయింది. 2020 నవంబరులో కోర్టుకు వచ్చి, ఈ సినిమా జైల్లో చూశానని, మామూలు సినిమాలాగే చూశానని, ఏమీ అనిపించలేదని చెప్పాడు. అది చదివిన రోజు నాకు పాక్ దూమన్ ప్రశ్నే గుర్తొచ్చింది. అన్నేళ్లూ వాడికి ముద్ద దిగింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇందులో కామెడీ గురించి నేను చాలామందికి గొప్పగా చెప్పాను. బూటుకు గుడ్డ తొడుగు వేసుకుని మరీ తన్నే పోలీసు, దెబ్బలు తిన్న అమాయకుడికి ఇచ్చే నకిలీ బ్రాండ్ బూట్లు, అడవిలో గొయ్యి తవ్వించి నేరం ఒప్పించడం. హాస్టల్లో పడీపడీ నవ్వాం. అయితే ఆ 10 హత్యల్లో ఎనిమిదోదానికి, 1988లో 13 ఏళ్ల అమ్మాయి హత్యకు, పోలియో వల్ల కాలు సరిగా లేని 22 ఏళ్ల కుర్రాణ్ని పట్టుకుని, కొట్టి, ఒప్పించారు. అతను దాదాపు 20 ఏళ్లు జైల్లో ఉన్నాడు. 2009లో బయటికొచ్చాడు. నిర్దోషి అని కోర్టు చెప్పేసరికి 2020 డిసెంబరు. సినిమా తీసేనాటికి అతను లోపలే ఉన్నాడు. అతను నిర్దోషి అని అప్పటికింకా తేలలేదు, పోలీసు దెబ్బల్ని దర్శకుడు వెనకేసుకొచ్చిందీ లేదు. తన్నిన పోలీసుకు చివరికి ఆ కాలే పోతుంది. ఒకప్పుడు ఆ మలుపు నాకు ఎంతో న్యాయంగా తోచింది. ఇప్పుడు అంత తేలిగ్గా తృప్తి పడలేకపోతున్నాను. ఆ నవ్వు సీన్లు వచ్చినప్పుడు నవ్వు రావట్లేదు.

కొత్తగా చూసేవాళ్లకు ఏం చెప్పాలో సరిగ్గా తెలీదు. నాకు ఈ సినిమా ఇంత దగ్గరైంది ఆ క్యాంటీన్ మధ్యాహ్నం వల్ల కూడా. అది లేకపోతే బహుశా నాలుగోసారితోనే ఆపేసేవాణ్ని. మా ఆవిడ అరగంట చూసి లేచిపోయింది. ఆడవాళ్ల శవాలను కెమెరా అంతసేపు చూడటం తను భరించలేకపోయింది. కాదని నేను వాదించలేదు, మాకూ ఇద్దరు ఆడపిల్లలు. హత్యల మధ్య సాగే భాగం కొందరికి నెమ్మదిగా అనిపిస్తుంది, అదీ నిజమే. చూస్తే మాత్రం సొరంగం దగ్గర సబ్‌టైటిల్ ఏం చెప్పినా పట్టించుకోకండి, ఆ మాట తెలుగులో వినండి. నేనైతే సెలవు రోజు పగటిపూట చూస్తున్నాను. వాన కోసం ఏడాదంతా ఎదురుచూసే ఊరు మాది, ఈ సినిమాలో హత్యలేమో వాన రాత్రుల్లో. ఈ సినిమా చూసిన రాత్రి వాన మొదలైతే, లేచి వెళ్లి పిల్లల గది తలుపు ఒకసారి చూసొస్తున్నాను.