గవర్నర్ పోయినప్పుడు: ఎక్స్-ప్లేన్ 12తో మూడేళ్లు

గాజువాకలో మా ముందు గదిలో ఎక్స్-ప్లేన్ 12 అనే సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రాం) పెట్టుకుని మూడేళ్లు కావస్తోంది. నేను పైలట్‌ని కాదు, ముప్పై ఏళ్లు డీజిల్ జనరేటర్ల దగ్గర పనిచేసినవాణ్ని. విమానం నేర్చుకుంటున్నది మా అబ్బాయి. గవర్నర్ అంటే ఇంజిన్ తిరిగే వేగాన్ని నిలకడగా ఉంచే భాగం. అది నాకు కొత్తా, ప్రొపెల్లర్‌దైతే మాత్రం ఏముందిలే, బ్లేడ్ల కోణం మార్చి అదే పని చేస్తుంది అనుకున్నాను.

ఒకరోజు ఆర్వీ-10 అనే ఒకే ఇంజిన్ విమానంలో భీమిలి వైపు 3,000 అడుగుల్లో పోతుంటే, వాడు నాకు చెప్పకుండా గవర్నర్ చెడి బ్లేడ్లు ఫైన్ పిచ్‌కి (గాలిని తక్కువ కోసే చదునైన కోణానికి) పడిపోయేలా పెట్టాడు. ఇంజిన్ కీచుమంది. ఆర్‌పీఎం ముల్లు 2,700 ఎర్రగీత దాటేసింది. నేనేమో ప్రొపెల్లర్ వేగాన్ని మార్చే నీలం లివర్ వెనక్కి లాగుతూనే ఉన్నాను. "నాన్నా, దాన్ని వదిలెయ్! థ్రాటిల్ తగ్గించు, ముక్కెత్తి స్పీడు తగ్గించు" అని అరిచాడు. నిజమే, బ్లేడు కోణం మారనప్పుడు ఆ లివర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నాకు బాగా నచ్చింది, ఏ భాగం ఏ ఎత్తులో, ఏ వేగం దగ్గర చెడాలో ముందే పెట్టుకోగలగడం. గవర్నర్‌తో పాటు ఆయిల్ ప్రెషర్ కూడా పోయేలా పెట్టుకోండి, అదీ అసలు పరీక్ష. ఒకే ఇంజిన్ ఉన్న విమానాల్లో మామూలుగా ఆయిల్ ప్రెషరే బ్లేడ్లను కోర్స్ (ఏటవాలు కోణం) వైపు తిప్పుతుంది, అది పోతే ఫైన్‌కి వచ్చేస్తాయి. బేరన్ లాంటి రెండింజిన్ల వాటిలో తిరగేసి ఉంటుంది, ఆయిల్ పోతే బ్లేడ్లు ఫెదర్ వైపు, అంటే గాలికి అంచు చూపి విమానాన్ని వెనక్కి లాగని కోణానికి, వెళ్తాయి. అలాగని చెడిన ఇంజిన్‌ని ఫెదర్ చెయ్యడంలో తాత్సారం చేస్తే కుదరదు. ఇంజిన్ బాగా మందగించాక లోపల పిన్నులు గొళ్ళెంలా పడి ఫెదర్ కానివ్వవు. ఇది చదివి నాలుగుసార్లు మర్చిపోయాను. రెండుసార్లు సముద్రంలో పడ్డాక మర్చిపోలేదు.

ఆర్వీ-10లోనే, రుషికొండ మీద అదే 3,000 అడుగుల్లో ఇంజిన్ ఆపేసి విశాఖ రన్‌వే అందుకుందామని ఎన్నిసార్లు చూశానో! అందదు. ఆయిల్ ప్రెషర్ మిగిలుంటే నీలం లివర్ పూర్తిగా వెనక్కి లాగాలి, కాస్త ఎక్కువ దూరం జారుతుంది, అంతే.

వాసన, వణుకు, అద్దం మీద ఆయిల్ చిమ్మడం ఇంట్లో ఎలాగూ రావు. నన్ను ఏడిపించింది మాత్రం కంప్యూటర్‌కి తగిలించుకునే లివర్ల పెట్టె. కంపెనీ పేరెందుకులెండి. రెండో ఏడాది, నీలం లివర్ ముట్టుకోకపోయినా ఆర్‌పీఎం ముల్లు ఊగేది. ఎక్కడో గవర్నర్ ఫెయిల్యూర్ ఆన్‌లో ఉండిపోయిందని పది రోజులు వెతికాను. తీరా విప్పి చూస్తే ఉప్పుగాలికి లివర్ కింద పొటెన్షియోమీటర్ (లివర్ ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పే భాగం) తుప్పు పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే ముల్లు నిలబడింది. ఇప్పుడు పని కాగానే పెట్టె మీద మా ఆవిడ పాత చీర ముక్క కప్పుతున్నాను.