ఇంట్లో తుపాకీ: అమెరికా, జపాన్, స్విట్జర్లాండ్, మన దేశం - ఎవరి పద్ధతి మేలు?

తుపాకీ చట్టాల మీద చర్చ మొదలైతే ముందుగా వచ్చేవి లెక్కలే. జెనీవాలోని పరిశోధన సంస్థ స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో ప్రకటించిన అంచనాల ప్రకారం పౌరుల చేతుల్లో ఉన్న తుపాకులు ప్రతి 100 మందికి అమెరికాలో 120, స్విట్జర్లాండ్‌లో 28, మన దేశంలో 5. జపాన్‌లో 100 మందికి ఒకటి కూడా లేదు. ఈ అంకెలు చూసి తీర్పు చెప్పేస్తే సగమే తెలుస్తుంది. అసలు తేడా రెండు ప్రశ్నల దగ్గరుంది. అర్హత రుజువు చేసుకోవాల్సింది కొనేవాడా, అనర్హత రుజువు చేయాల్సింది ప్రభుత్వమా? తుపాకీ ఇంటికొచ్చాక అది ఎక్కడుందో, ఎలా ఉందో మళ్లీ ఎవరైనా చూస్తారా?

అమెరికాలో తుపాకీ రాజ్యాంగ హక్కు. 1791 నాటి రెండో సవరణ ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకునే హక్కు ఇస్తుందని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2022లో అదే కోర్టు బ్రూయెన్ కేసులో ఇచ్చిన తీర్పు ఆ హక్కును ఇల్లు దాటించి వీధిలోకి తెచ్చింది. కొనే తీరు ఇలా ఉంటుంది: దుకాణంలో 4473 నంబరు ఫారం నింపాలి, గుర్తింపు కార్డు చూపాలి. డీలరు ఎఫ్‌బీఐ వ్యవస్థలో తనిఖీకి పెడతాడు. చాలాసార్లు నిమిషాల్లో జవాబొస్తుంది. రాకపోతే మూడు పనిదినాలు ఆగాలి, అప్పటికీ రాకపోతే అమ్మేయొచ్చు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో 9 మందిని కాల్చి చంపినవాడి చేతికి పిస్టల్ వచ్చింది ఈ మూడు రోజుల సందులోంచే. లైసెన్సు డీలరు కాని మామూలు మనిషి తన పాత తుపాకీ అమ్ముకుంటే ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టం ఈ తనిఖీ కూడా అడగదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ చట్టాలతో ఆ లోటు పూడ్చుకున్నాయి.

అక్కడ పిస్టల్ అమ్మే ప్రతి డీలరూ దానితో పాటు తాళమో, భద్రంగా దాచే పెట్టో ఇచ్చి తీరాలి. ఎక్కువగా ఇచ్చేది కేబుల్ తాళం. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసేసి, స్లయిడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప భాగం) వెనక్కి లాగి, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు బయటపడే పై సందులోంచి కేబుల్ దూర్చి, కింద మ్యాగజైన్ గూట్లోంచి బయటికి తీసి తాళం వేస్తారు. కేబుల్ అడ్డున్నంతసేపూ స్లయిడ్ మూసుకోదు, మ్యాగజైన్ ఎక్కదు. తాళం ఇవ్వడం తప్పనిసరే, వేయడం మాత్రం ఫెడరల్ చట్టంలో తప్పనిసరి కాదు. అందుకే చాలా తాళాలు డబ్బాలోంచి బయటికి రాకుండానే ఉండిపోతాయి. ఇంకో పొరపాటు: మ్యాగజైన్ తీసేస్తే తుపాకీ ఖాళీ అయిందనుకోవడం. ఛాంబర్‌లో, అంటే పేలే ముందు తూటా కూర్చునే గదిలో, ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. శుభ్రం చేస్తుంటే పేలిందన్న వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఆ ఒక్క తూటాయే.

దొంగల భయంతో కొంటారు గానీ ప్రమాదం ఇంటి లోపల ఎక్కువ. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది పోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. మనసు కుంగిన ఆ కాసేపట్లో చేతికి ఏది అందుతుందన్న దాని మీదే ప్రాణం నిలబడటం, పోవడం ఆధారపడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు, ఆపైన దేశం నుంచి పంపించేయొచ్చు. షూటింగ్ రేంజ్‌లో కాసేపు అద్దెకు తీసుకున్నా చట్టం దృష్టిలో అది దగ్గర ఉంచుకోవడమే. ఉన్న మినహాయింపుల్లో ముఖ్యమైనది ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. రూమ్మేట్ తుపాకీ సోఫా మీద పడి ఉంటే, దాన్ని తీసి అల్మారాలో పెట్టడం కూడా చేయకండి, అతన్నే తీసుకెళ్లి తాళం వేయమనండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. పిల్లలు ఆడుకోడానికి స్నేహితుల ఇంటికి వెళ్తుంటే, 'మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా' అని ఆ తల్లిదండ్రుల్ని ముందే అడగండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

జపాన్‌లో ఈ వ్యవహారమంతా తలకిందులు. 1958 నాటి చట్టం 'ఎవరూ తుపాకీ ఉంచుకోరాదు' అన్న మాటతో మొదలై, ఆ తర్వాత మినహాయింపులు చెబుతుంది. పిస్టల్ సామాన్యులకు లేనే లేదు. షాట్‌గన్ (ఒకేసారి చాలా గుళ్లు చిమ్మే పొడవాటి తుపాకీ) కావాలంటే ముందు పోలీసులు పెట్టే ఒకరోజు తరగతికి వెళ్లి రాతపరీక్ష పాసవ్వాలి. తర్వాత రేంజ్‌లో ఎగిరే మట్టి బిళ్లల్ని కొట్టి చూపాలి, తుపాకీ పట్టుకునే తీరులో తప్పుంటే అక్కడే ఫెయిల్. డాక్టరు సర్టిఫికెట్టు తేవాలి. పోలీసులు ఇంట్లోవాళ్లనీ, ఇరుగుపొరుగునీ, ఆఫీసునీ వాకబు చేస్తారు: అప్పులున్నాయా, తాగుడుందా, ఇంట్లో గొడవలున్నాయా. తుపాకీ పెట్టే ఇనుప లాకరు ఒకటి, తూటాల లాకరు వేరొకటి, రెండూ ఇంట్లో ఏ మూల ఉన్నాయో గీసి ఇవ్వాలి. అనుమతి మూడేళ్లకే, అదీ ఒక్కో తుపాకీకి విడివిడిగా. ఏటా తుపాకీ తీసుకెళ్లి చూపించాలి. ఎన్ని తూటాలు కొన్నారు, ఎన్ని కాల్చారు, ఎన్ని మిగిలాయి, అన్నీ పుస్తకంలో కుదరాలి. రైఫిల్ కావాలంటే షాట్‌గన్‌తో పదేళ్లు గడపాలి.

ఇంత కట్టడిలోనూ సందులున్నాయి. 2022 జులై 8న నారా నగరంలో మాజీ ప్రధాని షింజో అబేని చంపింది గొట్టాలు, టేపుతో ఇంట్లో తయారైన తుపాకీ. 2023 మేలో నగానో రాష్ట్రంలో ఇద్దరు పోలీసులతో సహా నలుగుర్ని చంపినవాడి దగ్గర ఉన్నవి మాత్రం అనుమతి ఉన్న తుపాకులే. మరుసటి ఏడాదే చట్టం సవరించి, గొట్టంలో కొంతమేర రైఫిల్ లాంటి గాడులుండే షాట్‌గన్లకు నిబంధనలు బిగించారు, అక్రమంగా తుపాకీ పెట్టుకోమని ఇంటర్నెట్‌లో ఉసిగొల్పడాన్ని నేరం చేశారు. పూర్తి రక్షణ ఎవరూ ఇవ్వలేరు. కానీ బయటపడిన సందుల్ని ఏడాది రెండేళ్లలోనే పూడ్చుకోవడం జపాన్ దగ్గర నేర్చుకోదగ్గ విషయం.

స్విట్జర్లాండ్‌ని తుపాకీ అభిమానులు తరచూ ఉదాహరణగా చూపిస్తారు, 'అక్కడ ఇంటింటికీ సైనిక రైఫిల్ ఉంది కదా' అని. ఇంటింటికీ కాకపోయినా చాలా ఇళ్లలో ఉన్న మాట నిజమే, సైన్యం ఇచ్చే తూటాలు మాత్రం లేవు. సైనికుల ఇళ్లకు ఇచ్చే సీలు వేసిన తూటాల డబ్బాలను 2007 నుంచి వెనక్కి తీసేసుకున్నారు. సైనిక సేవ ముగిశాక రైఫిల్ ఉంచుకోవాలంటే అనుమతి తీసుకోవాలి, వరసగా కాల్చే యంత్రాంగాన్ని తీసేయించాలి. 2003-04లో సైన్యం సగానికి తగ్గి ఇళ్లలో రైఫిళ్లు తగ్గాక సైన్యంలో పనిచేసే వయసు మగవాళ్లలో ఆత్మహత్యలు తగ్గాయి, రైఫిల్ అందనివాళ్లలో ఎక్కువమంది మరో దారి వెతుక్కోలేదని పరిశోధకులు చూపించారు.

ఇక మన దేశం. దసరాకి పోలీస్ స్టేషన్లో తుపాకులకు బొట్టు పెట్టి పూజ చేస్తాం గానీ ఇంట్లో తుపాకీ మనకు అలవాటు లేదు. కర్ణాటకలోని కొడగు జిల్లాలో కొడవ తెగవాళ్లకు లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు ఒకటి బ్రిటిష్ కాలం నుంచి నడుస్తోంది, అంతే. 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, అవసరం చూపాలి. జిల్లాలో కలెక్టరు, కమిషనరేట్‌లో పోలీస్ కమిషనరు లైసెన్సు ఇస్తారు. ఏ-1 ఫారం, ఎస్-3 నమూనాలో డాక్టరు సర్టిఫికెట్టు, శిక్షణ సర్టిఫికెట్టు, భద్రంగా దాస్తానన్న హామీ, పోలీసు విచారణ నివేదిక కావాలి. 2019 సవరణతో ఒకరికి రెండే తుపాకులు, లైసెన్సు గడువు ఐదేళ్లు. పెళ్లి బారాత్‌లో సంబరంగా గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో.

కాగితం మీద ఇది జపాన్‌కి దగ్గరే. తేలిపోయేది తర్వాతి మెట్టులో. లైసెన్సు చేతికొచ్చాక ఇంటికొచ్చి లాకరు చూసేవాళ్లు అరుదు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు, చాలా తుపాకులు బయటికొచ్చేది అప్పుడే. దాన్నే ఏటా జరిగే తనిఖీగా మారిస్తే కొత్త చట్టం అవసరమే ఉండదు. ఇంకో గండం, లైసెన్సు లేకుండా తిరిగే తపంచాలు (నాటు పిస్టళ్లు), అడవిపందుల కోసం దాచుకునే నాటు తుపాకులు. ఎంత మందు కూరాలో కొలత లేక, గొట్టం తట్టుకోక, పేల్చినవాడి చేతిలోనే పగిలిపోతాయి.

నాలుగింటిలో మేలైనది ఏదంటే, ఇవ్వడంలోనూ, ఇచ్చాక చూడ్డంలోనూ జపాన్ పద్ధతి. ఇంట్లో ఉంచక తప్పని చోట తుపాకీనీ తూటానీ వేరుచేసిన స్విస్ పద్ధతి.

చివరగా, తాతగారి డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీ అటక మీద ఉండిపోయిన ఇళ్లవాళ్లకు: లైసెన్సుదారు చనిపోయాక అది ఎవరి పేరు మీదా లేనట్టే. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. వారసుల్లో ఒకరు ఉంచుకోవాలనుకుంటే తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దాయన బతికుండగానే, 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లుగా ఆ తుపాకీ ఆయన దగ్గర ఉన్నా, వారసుడి పేరున మార్పించుకునే వీలుంది. స్టేషన్‌కి తీసుకెళ్లే ముందు తుపాకీని మధ్యలో వంచి రెండు బ్యారెళ్లూ తెరిచి చూడండి, పాత తూటా అందులోనే ఉండిపోయి ఉండొచ్చు. తెరవడం చేతకాకపోతే ముట్టుకోకుండా పోలీసులకే ఫోన్ చేసి రమ్మనండి.