షియాన్‌లో మూడు రోజులు: మట్టి సైనికులు, మట్టి పందులు

చైనాలోని షియాన్ వెళ్ళిన ప్రతివాళ్ళూ మొదటి రోజే మట్టి సైనికుల దగ్గరికి, అంటే చిన్ చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన సైనికుల బొమ్మల దగ్గరికి పరిగెడతారు. మేమూ అంతే.

కోట గోడ లోపల, బెల్ టవర్‌కి దగ్గర్లో హోటల్ తీసుకున్నాం. ఫొటోలో కనిపించిన కిటికీ నిజంగానే ఉంది, కాకపోతే కారిడార్‌లోకి తెరుచుకుంటుంది! మెట్రో స్టేషన్ పక్కనే కాబట్టి సర్దుకుపోయాం. ఫోన్‌లో అలీపే అనే చెల్లింపుల యాప్ పెట్టుకుని, కార్డు కలుపుకుని వెళ్ళండి. చిల్లర టెన్షన్ ఉండదు.

మట్టి సైనికులు ఊరికి తూర్పున లింటాంగ్‌లో ఉన్నారు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడ్డారు. టికెట్ 120 యువాన్లు, పాస్‌పోర్టు తప్పనిసరి. బొమ్మలు నిలబడ్డ మొదటి గుంట 230 మీటర్ల పొడవు, కానీ ముందు వరసలోకి చేరాలంటే మోచేతులకు పని చెప్పాలి. గేటు దగ్గర మాట్లాడుకున్న గైడ్ ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. అయినా అతను చెప్పిన ఒక్క ముక్కకే డబ్బులు గిట్టాయి. కొన్ని బొమ్మల మీద చేసినవాడి పేరు ఉంటుందట. సంతకం కాబోలు అనుకున్నా. కాదట, బొమ్మలో లోపం ఉంటే ఎవణ్ణి పట్టుకోవాలో తెలియడానికట! ఈ బొమ్మలు చేయించిన చిన్ వంశం పాలన అంతా ఇదే పద్ధతి. ఇళ్ళను ఐదేసి చొప్పున కట్టగట్టి, ఒకడు తప్పు చేస్తే మిగతావాళ్ళనీ శిక్షించేవారు. క్రీ.పూ. 221లో దేశాన్ని ఒక్కటి చేసి, లిపి, తూనికలు, బండి ఇరుసుల వెడల్పు కూడా ఒకే కొలతకు తెచ్చిన ఆ రాజ్యం పదిహేనేళ్ళకే కూలిపోయింది.

రెండో రోజు టాక్సీలో యాంగ్‌లింగ్ వెళ్ళాం. ఎయిర్‌పోర్టు దారిలో ఉంది, జనం లేరు. చిన్ తర్వాత వచ్చిన హాన్ వంశపు చక్రవర్తి జింగ్ (పాలన క్రీ.పూ. 157–141) సమాధి అది. చెప్పుల మీద తొడుక్కోవడానికి కవర్లిస్తారు. చీకట్లో అద్దం నేల మీద నడుస్తుంటే కాళ్ళ కిందే గుంటలు. బొమ్మలు రెండడుగులు కూడా లేవు. కట్టిన బట్టలు, కొయ్య చేతులు పుచ్చిపోయి దిసమొలలతో నిలబడ్డాయి. పక్కన వరసలు వరసలుగా పందులు, గొర్రెలు, కుక్కలు, కోళ్ళు.

"బొమ్మల కొలువులా ఉందండీ," అంది మా ఆవిడ.

ఈ చక్రవర్తి కాలంలో భూమి శిస్తు పంటలో ముప్పయ్యో వంతే. చిన్ రాజు అంతటా అధికారులను పెడితే, తొలి హాన్ రాజులు సగం దేశాన్ని బంధువులకు పంచారు. ఆ బంధువులే క్రీ.పూ. 154లో ఏడు రాజ్యాలుగా కలిసి తిరగబడ్డారు. అలాగని ఈ చక్రవర్తి చల్లని తండ్రి అనుకోకండి. ఇదే సమాధి పని చేసిన ఖైదీల శవాలు ఇనుప సంకెళ్ళతో సహా దగ్గర్లోనే దొరికాయి. ఒక్క రోజే ఉంటే సైనికులను వదిలేసి ఇక్కడికే రండంటాను. ఎవరూ ఒప్పుకోరనుకోండి.

మూడో రోజు శిలాశాసనాల మ్యూజియం. క్రీ.శ. 837లో 114 రాళ్ళ మీద చెక్కిన కన్ఫ్యూషియన్ గ్రంథాలున్నాయి. అప్పటి టాంగ్ వంశం కాలంలో ప్రభుత్వ ఉద్యోగ పరీక్షకు అదే సిలబస్. పాసైనవాళ్ళు పెద్ద బాతు పగోడా దగ్గర పేర్లు రాసుకునేవారట, మన కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీల్లాగా. అదీ ఎక్కువగా పెద్దింటి పిల్లలే. ఆ పగోడా కట్టించినవాడు మన హ్యూయన్‌త్సాంగ్. ధాన్యకటకం దాకా వచ్చి, అక్కడ కొన్నాళ్ళు చదువుకుని వెళ్ళినాయన. పైకి ఎక్కడానికి వేరే టికెట్. ఎక్కాం గానీ అపార్ట్‌మెంట్లే కనిపించాయి. ఆ తర్వాతి మింగ్ వంశం కాలపు కోట గోడ మాత్రం బాగుంది, 13.7 కిలోమీటర్లు సైకిల్ తొక్కొచ్చు. మేం సగంలో దిగిపోయాం.

చివరి రాత్రి ముస్లిం వీధిలో తిన్నాం. శాకాహారులకు కష్టమే, ఫోన్‌లో అనువాదం చూపించి చూపించి నూడుల్స్ సాధించాం. పదకొండు దాటినా జనం తగ్గలేదు. అదే టాంగ్ రోజుల్లోనైతే పొద్దుగూకగానే డప్పు కొట్టి పేటల తలుపులు మూసేసేవారు. ఈపాటికి మేమిద్దరం ఆ కారిడార్ కిటికీ గదిలో ముడుచుకుని కూర్చోవాల్సిందే.